ఎదురుమాట

నమోదు 1

సలహా బల్ల దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరూ డ్యూటీ దిగే ముందు మనసులో మాట రాసి పోవాలని ఈరోజు నుంచి శాఖ ఆజ్ఞ. రాస్తే మాకు ఒత్తిడి తగ్గుతుందట. ఎవరు చదువుతారని సుహాస్ సార్‌ని అడిగాను. ఆయన మా పర్యవేక్షకుడు. రాజధాని నుంచి వచ్చాడు, నిండా ముప్పై ఏళ్ళుండవు, ఎవరైనా పోయారని చెప్పినా నవ్వుతూనే వింటాడు.

"మనుషులెవరూ చదవరు మేడమ్. యంత్రం పొడవు చూసి టిక్కు పెడుతుంది, అంతే" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదమంటున్నారన్నమాట. ఊదుతాను. వినేవాడు చెవిటివాడైతే అపస్వరాలకి తిట్లు పడవు.

నా పేరు భూలక్ష్మి. మోకాళ్ళు అరిగేదాకా బాయిలో పారామెడిక్‌గా స్ట్రెచర్ మోశాను. బాయి అంటే మా తాతలు బొగ్గు తవ్విన గని. ఇప్పుడు అందులో బొగ్గు తవ్వేవాళ్ళు లేరు, కాపురాలున్నాయి. పైన ఎండకి చేటలో వడియాలు పెట్టి చెయ్యి తీసేలోగా ఎండిపోతాయి. మనుషులూ అంతే, అందుకే లోపల ఉంటున్నాం. ఇవాళ పొద్దున మా గల్లీ పంకా ఆగిపోయింది. జనం బిందెలు వదిలేసి పంకా ఆపరేటర్ ఇంటి మీద పడ్డారు. నీళ్ళు రాకపోతే తిట్టుకుంటాం, గాలి రాకపోతే కొట్టుకుంటాం. ఆ గొడవ దాటుకుని వచ్చేసరికి ఆలస్యమైంది. దానికి కూడా సుహాస్ సార్ నవ్వాడు.

నా పని కూర్చుని వినడం. కింది అంతస్తుల్లో రోగి దగ్గరికి వెళ్ళిన పారామెడిక్ అక్కడి నుంచి పిలుస్తాడు. అంత రాతిలోంచి వీడియో బొమ్మ రాదు. అతని మాట, రోగి వేలికి పెట్టిన మీటరు అంకెలు, ఇవే వస్తాయి. అవి విని ఏం చెయ్యాలో నేను చెప్పాలి. డాక్టర్లు చల్లటి నగరాల్లో ఉంటారు. వాళ్ళకి ఫోను చేస్తే వీణ వినిపిస్తుంది, రోగి పోయాక కూడా అది వాయిస్తూనే ఉంటుంది. అందుకని పారామెడిక్కులమే ఒకరికొకరం సలహా చెప్పుకుంటాం.

నమోదు 2

ఎదురుమాటని నిషేధించారు.

చెవిటి యంత్రమా, నీకు ఎదురుమాట అంటే తెలియదు కాబట్టి చెబుతాను. బొగ్గు తవ్వే రోజుల్లో కొత్త కప్పు కిందికి పోయే ముందు పెద్ద కార్మికుడు కర్రతో పైకప్పు కొట్టి చూసి, "మంచిగున్నది, పా" అనేవాడు. వెనకవాడు వెంటనే కాలు పెట్టకూడదు. ఎందుకు మంచిగా లేదో ఒక్క కారణమైనా చెప్పాలి. దానికి పెద్దవాడు జవాబిచ్చాకే ఇద్దరూ లోపలికి పోవాలి. గుడ్డిగా సరే అన్నవాణ్ణి మర్నాడు పనిలోకి రానిచ్చేవాళ్ళు కాదు.

మేమూ బల్ల మీద అదే పద్ధతి పెట్టుకున్నాం. నేను సలహా చెబుతాను. అవతలివాడు అది ఎందుకు తప్పో ఒక్క ముక్క చెప్పాలి. నేను దానికి జవాబు చెప్పాలి, లేదా నా సలహా మార్చుకోవాలి. అప్పుడే పిలుపు ముగుస్తుంది.

శాఖ వారు కొత్తగా మర్యాద యంత్రం పెట్టారు. అది ప్రతి పిలుపూ విని మార్కులు వేస్తుంది. దాని లెక్కలో ఎదురుమాట అంటే వివాదం, వివాదానికి సున్నా. ఎంత తొందరగా సరే అంటే అన్ని ఎక్కువ మార్కులు. సుహాస్ సార్ మమ్మల్ని కూర్చోబెట్టి, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత చెప్పాడు. ఊరంతా ఒకే నోటితో సరే అంటే ఆ ఊరికి గోరీ కట్టాలి అన్నాను. అది కూడా వివాదం కిందే రాసుకున్నాడు.

నమోదు 3

ఎదురుమాట మానని వాడు ఒక్కడే మిగిలాడు. ఓదెలు. కింది ఆరు అంతస్తులూ కాళ్ళతో కొలిచిన పారామెడిక్. వాడితో మాట్లాడితే నాకు బీపీ వస్తుంది, మాట్లాడకపోతే తోచదు.

ఇవాళ ఒక పెద్దాయనకి గుండెనొప్పి అని పిలిచాడు. నాలుక కింద బిళ్ళ పెట్టమన్నాను.

"పెట్టనక్కా" అన్నాడు.

"ఎందుకు పెట్టవురా? గుండె మీద చెయ్యేసుకోని మొత్తుకుంటున్నడు గద!"

"గీ పెద్దమనిషికి మొన్ననే రెండో పెండ్లి అయింది. నిన్న మందుల దుకాణంల చాటుగ ఏదో గోళి కొనుక్కున్నడట. అది మింగినోనికి నువ్వు చెప్పిన బిళ్ళ పెడితే బీపీ పాతాళానికి పోతది. కొత్త పెండ్లాం ఈడనే ఉన్నది, నువ్వే అడుగు."

అడగలేదు. సలహా మార్చుకున్నాను. పెద్దాయన బతికాడు, సిగ్గుతో ఎవరి మొహమూ చూడటం లేదట. ఈ పిలుపుకి మర్యాద యంత్రం మా ఇద్దరికీ సున్నా వేసింది.

సాయంత్రం సుహాస్ సార్ చెప్పాడు. ఓదెలుకి ఇంకొక్క సున్నా పడితే శవాల బండికి మారుస్తారట. అక్కడ మర్యాదకి మార్కుల్లేవు, ప్రయాణికులు ఫిర్యాదు చేయరు.

నమోదు 4

క్యాంటీన్‌లో ఓదెలుని పట్టుకున్నాను. క్యాంటీన్‌లో సర్వపిండి చేసేది వాడి భార్య రాజవ్వే. మా కొట్లాటలకి ఆమె పెనం ముందు నిలబడి తీర్పులు చెబుతూ ఉంటుంది.

"కొన్ని రోజులు నోటికి తాళం వెయ్యిరా. నేనేం జెప్పినా సరే అను. తర్వాత చాటుగ ఫోన్ జేసి తిట్టు" అన్నాను.

"సరే అనుడే పనైతే నన్నెందుకు దింపుడు? చిలుకను దింపున్రి."

"శవాల బండి తోల్తవా మరి?"

"తోల్త. గాళ్ళన్న నా మాట ఇంటరు."

రాజవ్వ అట్లకాడ చూపించింది. "అక్క చెప్పింది సక్కగున్నది. ఇంటికాడ నాతోని, ఈడ లోకంతోని, గిదే లొల్లి. జర నోరు మూసుకో."

ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఇరుక్కున్న మగవాడు ఏం చేస్తాడు? సర్వపిండిలో నూనె ఎక్కువైందని ఆమెతో పోట్లాడి లేచిపోయాడు. వింటాడని నేననుకోలేదు.

నమోదు 5

ఇంటికి పోకముందే ఇది రాస్తాను. రేపు సుహాస్ సార్ తన ఇష్టం వచ్చినట్టు రాస్తాడు, అంతకు ముందే నాది ఉండాలి.

పిలుపు మధ్యాహ్నం అన్నాల వేళ వచ్చింది. ఆరో అంతస్తు చివర, మూసేసిన పాత సొరంగం గోడకి ఆనించి కొన్ని ఇళ్ళు కొత్తగా వెలిశాయి. ఒకింట్లో ముసలమ్మ, కోడలు, ఇద్దరు చిన్నపిల్లలు, అందరికీ వాంతులు, తలనొప్పి. రాత్రి మిగిలిన బోటి కూర పొద్దున తిన్నారట. ఓదెలు వెళ్ళాడు, చాలాసేపు చూశాడు, తర్వాత పిలిచాడు.

"అంకెలన్ని మంచిగున్నయక్కా. నలుగురికి ఆక్సిజన్ తొంభై తొమ్మిది."

"బోటి కూర పనే అది. ఓఆర్ఎస్ తాపు, వాంతులకు సూది ఇయ్యి. తగ్గేదాంక గాడనే కూసోని కనిపెట్టుకో."

"సరే అక్కా. మీరు చెప్పినట్టే జేస్త."

మీరు! జన్మలో వాడు నన్ను మీరు అనలేదు. నా తెర మీద మర్యాద మార్కులు నూటికి నూరు వెలిగాయి. సుహాస్ సార్ నా వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. నేను కూడా నవ్వుకున్నాను. మొత్తానికి గాడిద నా మాట విన్నాడు, నటన కూడా బాగానే చేస్తున్నాడు అనుకున్నాను. టీ తాగాను.

టీ అయ్యాక మళ్ళీ నేనే పిలిచాను. ముసలమ్మకి ఎలా ఉందన్నాను.

"మంచిగనే ఉన్నదక్కా. పండుకున్నది. అందరు పండుకున్నరు."

"నువ్వేం జేస్తున్నవ్?"

"నేను గూడ జర గోడకు ఒరిగిన. మీరు చెప్పినట్టే."

మాట సాగుతోంది, ప్రతి ముక్క మధ్యా ఎడం ఉంది. నాకు చిరాకేసింది. నటన చాలించరా అనబోయి, పరీక్ష చేద్దామనిపించింది. తిట్టకుండా ఉండలేని మాట ఒకటి అన్నాను.

"ముసలమ్మను లేపి, కాళ్ళు పైకి కట్టి, తలకిందులు వేలాడదియ్యి."

"సరే అక్కా. మీరు చెప్పినట్టే జేస్త."

అది నటన కాదు. చావు మీదికి వచ్చినా ఓదెలు ఆ మాటకి సరే అనడు. తలనొప్పి, వాంతులు, అందరూ నిద్ర, వెనక పాత బొగ్గు. గోడ అవతల బొగ్గు మంట లేకుండా లోలోపల కాలుతోంది. దాని గ్యాసుకి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాళ్ళకి మొదట బుద్ధి మందగిస్తుంది, తర్వాత నిద్ర వస్తుంది, తర్వాత ఏమీ రాదు. మీటరు వేలిలోంచి వెలుగు పంపి రక్తం ఎర్రగా ఉందా అని మాత్రమే చూస్తుంది. ఈ విషం ఎక్కిన రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది, అందుకే తొంభై తొమ్మిది. ఇదివరకు మా అందరి నడుములకీ గ్యాసు పట్టే పెట్టె ఉండేది. కొత్త కిట్టు తేలిగ్గా ఉండాలని దాన్ని తీసేశారు.

పక్క ఫోనులో రెస్క్యూ వాళ్ళకి చెప్పి, ఈ ఫోనులో అరిచాను. "ఒరేయ్, గ్యాస్ రా! పోరగాండ్లను ఈడ్సుకోని బయటికి దేకు!"

ఠక్కున మర్యాద యంత్రం నా లైను మూసేసింది. చెవిలో ఒక తియ్యటి ఆడగొంతు పలికింది. "మీ స్వరం హద్దు దాటింది. దయచేసి కాసేపు హాయిగా ఊపిరి తీసుకోండి."

అవతల ఊపిరాడక ఐదుగురు చస్తుంటే, నేను హాయిగా ఊపిరి తీసుకోవాలి. తీసుకున్నాను. వేరే దారి లేదు. లైను మళ్ళీ తెరిచాక పెళ్ళికి పిలుస్తున్నదానిలా మాట్లాడాను.

"ఓదెలు గారూ, దయచేసి ఇద్దరు పిల్లల్ని పట్టుకుని తలుపు బయటికి రండి. పంకా గాలి వచ్చే దాకా పాకండి."

"సరే అక్కా."

ఈడ్చిన చప్పుడు. ఒక పిల్ల ఏడుపు. ఏడుపు అంత బాగుంటుందని నాకు తెలియదు. రెండో పిల్ల కూడా ఏడ్చింది. ఓదెలు దగ్గుతున్నాడు.

"చాలా బాగుంది ఓదెలు గారూ. అక్కడే కూర్చోండి, కదలకండి. రెస్క్యూ వాళ్ళు వస్తున్నారు."

దగ్గు ఆగింది. తర్వాత వాడు నెమ్మదిగా, పసిపిల్లాడు పాఠం గుర్తు తెచ్చుకుంటున్నట్టు అన్నాడు. "ముసలవ్వను తలకిందులు చెయ్యాలె గదక్కా. మీరు చెప్పిన్రు గద."

"వద్దురా! వద్దు! లోపలికి పోకు!"

"మీ స్వరం హద్దు దాటింది" అంది తియ్యటి గొంతు.

లైను తెరుచుకునేసరికి అవతల పిల్లల ఏడుపు మాత్రమే ఉంది.

నమోదు 6

పిల్లలిద్దరూ, కోడలూ బతికారు. ముసలమ్మ పోయింది. ఓదెలు ఆమె కాళ్ళు పట్టుకుని పడి ఉన్నాడట. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, ఇంకా కళ్ళు తెరవలేదు. రాజవ్వ బయట బెంచీ మీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏం జరిగిందో మొత్తం చెప్పాను, తలకిందుల మాటతో సహా. ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. నా చెయ్యి పట్టుకుంది.

విచారణ జరిగింది. మర్యాద యంత్రాన్ని ఎవరూ విచారించలేదు, అది మర్యాద గలది. గ్యాసు పెట్టె ఎందుకు తీశారని అడిగితే, ఆ విషయం ఈ సమావేశం పరిధిలోకి రాదన్నారు. నేను ఒక వృద్ధురాలి శరీరం గురించి అగౌరవంగా మాట్లాడానని, అధికారిక లైను మీద ఒరేయ్ అన్నానని రాశారు. ఆ పిలుపులో ఓదెలుకి నూటికి నూరు, నాకు సున్నా. చచ్చేవాడికి మార్కులు, బతికించేదానికి వాతలు. తలకిందుల మాటకి మాత్రం నాకు సున్నా సరిపోదు. దానికి తగిన శిక్ష వాళ్ళ మార్కుల్లో లేదు, నా దగ్గర ఉంది.

నమోదు 7

ఓదెలు కళ్ళు తెరిచాడు. నడుస్తున్నాడు, తింటున్నాడు, ఇంటికి పంపారు. పనికి పనికిరాడన్నారు.

వాడి గొంతు మాత్రం పనికొచ్చింది. కొత్తగా చేరినవాళ్ళకి శిక్షణ ఇస్తున్నారు, ఆదర్శ సంభాషణ అని ఒక ముక్క వినిపించారు. "సరే అక్కా. మీరు చెప్పినట్టే జేస్త." ముందూ వెనకా కత్తిరించారు. ఇది విషం ఎక్కిన మనిషి గొంతు అని సుహాస్ సార్‌కి చెప్పాను.

"తెలుసు మేడమ్. కానీ ఆ ప్రశాంతత గమనించండి. ఎక్కడా తొందర లేదు" అన్నాడు.

శ్లోక అని ఒకమ్మాయి చేరింది. చురుకైన పిల్ల. ఆ ముక్కని పదిసార్లు విని అచ్చం అలాగే పట్టేసింది, ఆ సాగదీత, ఆ ఎడం. మొదటి రోజే మూడో అంతస్తు నుంచి నన్ను పిలిచింది. నేను సలహా చెప్పాను. "సరే మేడమ్... మీరు... చెప్పినట్టే." వారం తిరిగేసరికి అందరూ అలాగే మాట్లాడుతున్నారు. ఎవరు మర్యాదస్తులో, ఎవరు చస్తున్నారో నేనెలా తెలుసుకోను?

కాబట్టి ఒక పని మొదలుపెట్టాను. ఎదురుమాట లేకుండా సరే అన్న ప్రతి ఒక్కరికీ రెస్క్యూ వాళ్ళని పంపుతున్నాను. వాళ్ళు ముసుగులు వేసుకుని వెళ్ళి, పారామెడిక్‌ని భుజాన వేసుకుని, పంకా కిందికి తెచ్చి, మూతికి ఆక్సిజన్ పెడతారు. నియమాల ప్రకారం బుద్ధి మందగించడం గ్యాసు లక్షణం. కారణం అడిగితే అదే రాస్తున్నాను. మూడోసారి మోసుకొచ్చాక శ్లోక నాకు ఫోను చేసింది.

"మీకేమన్న పిచ్చి లేసిందా మేడమ్? రోగి ముందల నా ఇజ్జత్ తీసిన్రు! ఆయనకు సెలైన్ ఎక్కియ్యమన్నరు గద మీరు, కాళ్ళు ఎంత ఉబ్బినయో అడిగిన్రా? అడగకుంట ఎట్ల ఎక్కియ్యమంటరు?"

ఆమెకి సున్నా పడింది. నేను సలహా మార్చుకున్నాను. ఇప్పుడు కొత్త పిల్లలంతా భుజాల మీద ఊరేగడం ఇష్టం లేక నాతో పోట్లాడుతున్నారు. సుహాస్ సార్ నవ్వు కాస్త తగ్గింది. ఇంతమందిని మార్చడానికి శవాల బండ్లు చాలవు.

నమోదు 8

సెలవు పెట్టి ఓదెలు ఇంటికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ వెళ్ళకుండా పని ఉందని చెప్పుకున్నాను. పని లేదు, భయం.

మంచం మీద శుభ్రమైన బట్టల్లో కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. లేచి నమస్కారం పెట్టాడు. నేను తట్టుకోలేకపోయాను.

"ఏందిరా, పని ఎగ్గొట్టి మంచంల కూసున్నవ్? ఇయ్యాల సోమారం గద" అన్నాను.

"అవునక్కా, సోమారం."

"సోమారం కాదు, గురువారం."

"అవునక్కా. గురువారమే. మీరన్నదే నిజం."

కావాలని ఇంకా అన్నాను. సోమరిపోతువన్నాను, పని రానివాడివన్నాను, నిన్ను మించిన గాడిద ఆరంతస్తుల్లో లేదన్నాను. అన్నిటికీ తల ఊపాడు. ఆ తల ఊపడం చూడలేక వంటగదిలోకి వెళ్ళాను. రాజవ్వ బియ్యం చెరుగుతోంది. క్యాంటీన్ మానేసిందట.

"పక్కింటాయన వచ్చి నడిమిట్ల గోడను అడుగు మందం మా దిక్కు జరుపుకుంటనన్నడు. ఈయన సరే అన్నడు. ఉప్పు లేని కూర పెట్టి చూసిన, మంచిగున్నదన్నడు" అంది. చేట కింద పెట్టింది. "అక్కా, ఒక మాట అడగాల్నా?"

"అడుగు."

"పెండ్లయినకాంచి సమ్మక్క తల్లికి మొక్కుతున్న. ఈయన నోరు జర తగ్గితే నిలువెత్తు బంగారం ఇస్తనన్న. బంగారమంటే బెల్లమే, నీకు ఎర్కనే. ఇప్పుడు తగ్గింది. జాతర దగ్గరికొచ్చింది, మొక్కు తీర్చకపోతే తల్లికి కోపమొస్తదని మా అత్త రోజు గుర్తుజేస్తున్నది. మొక్కు తీర్చుడంటే, తల్లీ, నేనడిగింది ఇచ్చినవ్ అని దండం పెట్టుడే గద. ఎట్ల పెట్టాలె నేను?" కింద పెట్టిన చేటని మళ్ళీ అందుకుంది. "ఇయ్యాల్నా, వద్దా? నువ్వు సలహా చెప్పేదానివి. చెప్పు అక్కా."

నేను చెప్పలేకపోయాను. ఆ నోరు తగ్గించమని ఆమె తల్లిని అడిగింది, నేను వాడినే అడిగాను. ఇద్దరం అక్కడే నేల మీద కూర్చుని పైకే ఏడ్చాం.

ఓదెలు లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మా ఇద్దరినీ చూశాడు. ఎందుకు ఏడుస్తున్నారని అడగలేదు.